నాణ్యం తెలిసినవాడు, తెలియనివాడు: బేరంలో అసలు నష్టం ఎవరికి?

నరసాపురం: కళ్లంలో ధాన్యం బేరం ఎలా సాగుతుందో ఈ పుట చదివే వర్తకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. దళారీ బస్తాలోకి ఇనుపగొట్టం గుచ్చి గుప్పెడు ధాన్యం తీస్తాడు. రెండు గింజలు పంటి కింద వేసి కొరుకుతాడు. మిగిలినవి అరచేతిలో నలిపి, ఊది, బియ్యపు రంగు చూస్తాడు. ఆ తర్వాత గాని ధర మాట నోట రాదు. ఆ రెండు నిమిషాలలో ఆయన తెలుసుకోదలచినది ఒక్కటే: ఈ సరకు గురించి రైతుకు తెలిసి తనకు తెలియనిది ఏమిటి? పనలు వానకు తడిశాయా? కుప్ప అడుగున మొలకెత్తిన గింజ ఉన్నదా? రెండు రకాలు కలిశాయా?

అమ్మేవానికి తెలిసినంత కొనేవానికి తెలియదు. ఒక్కొక్కప్పుడు కొనేవానికి తెలిసినంత అమ్మేవానికి తెలియదు. ఈ తేడా బేరం ఉన్నంత పాతది. అయితే దీనివల్ల నష్టపోయేది మోసపోయినవాడు ఒక్కడేనని మనం అనుకోవడం పొరపాటు. మోసం ఒక్కటి కూడా జరగకుండానే బజారు మొత్తం నష్టపోయే మార్గం ఒకటి ఉన్నది. దానిని లెక్కతో సహా తెలుసుకోవడం వర్తకులకు, దళారీలకు అందరికంటే ఎక్కువ అవసరం.

వంద బస్తాల లెక్క

మద్దతు ధర సంగతి పక్కనబెట్టి, లెక్క సులువు కోసం ఒక చిన్న బజారును ఊహించుకుందాం. వంద బస్తాల ధాన్యం అమ్మకానికి వచ్చింది. అందులో 40 బస్తాలు మేలు రకం, 40 నడిమి రకం, 20 నాసి రకం. మిల్లరుకు మేలు రకం బస్తా రూ. 1,700, నడిమి రకం రూ. 1,500, నాసి రకం రూ. 1,300 చొప్పున గిట్టుబాటు అవుతుంది. రైతులలో మేలు రకం ఉన్నవాడు రూ. 1,600కు తక్కువైతే ఇవ్వడు. నడిమి రకంవాడు రూ. 1,450కి, నాసివాడు రూ. 1,250కి తగ్గరు.

మిల్లరు బస్తా బస్తా చూసి రకం చెప్పగలిగితే చిక్కు లేదు. మూడు రకాలూ మూడు ధరలకు అమ్ముడవుతాయి. చెప్పలేకపోతే? అన్నిటినీ కలిపి సగటు చూస్తాడు. ఆ సగటు బస్తాకు రూ. 1,540. అంతకు మించి ఇస్తే తనకు నష్టం. ఆ ధర వినగానే మేలు రకం రైతు తన 40 బస్తాలు వెనక్కు తోలుకుపోతాడు.

ఇక బజారులో మిగిలింది 60 బస్తాలు. మేలు సరకు పోయిందని మిల్లరు గ్రహిస్తాడు. కొత్త సగటు సుమారు రూ. 1,433. నడిమి రకం రైతుకు అది గిట్టదు. ఆయన కూడా బండి తిప్పుతాడు. చివరికి మిగిలేది 20 బస్తాల నాసి ధాన్యం, రూ. 1,300 ధర.

ఇక్కడ ఏ రైతూ అబద్ధం ఆడలేదు. ఏ మిల్లరూ తూకంలో చెయ్యి వాటంగా పెట్టలేదు. అయినా వంద బస్తాల బజారులో ఇరవై బస్తాలే చేతులు మారాయి. మేలు రకం బస్తా మీద రూ. 100, నడిమి రకం మీద రూ. 50 ఇరుపక్షాలకూ కలిసి మిగలవలసిన లాభం. అంటే మొత్తం రూ. 6,000 ఎవరి జేబులోకీ రాకుండా ఆవిరైపోయింది. దళారీకి ఎనభై బస్తాల కమీషను పోయింది. నాణ్యం తెలియని చోట ముందుగా బజారు విడిచిపోయేది మంచి సరకేననేది ఈ లెక్క సారాంశం.

బియ్యంలో రాళ్లు చూసిన ఆచార్యుడు

ఈ సంగతిని సూత్రంగా నిలబెట్టినవాడు అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఆకెర్లోఫ్. 1970లో ఆయన రాసిన వ్యాసానికి ఉదాహరణ వాడిన కార్ల వ్యాపారం. అక్కడ పైకి బాగా కనిపించి లోపల దెబ్బతిన్న కారును వాడుకలో నిమ్మకాయ అంటారు. వ్యాసానికి ఆ పేరే పెట్టాడు. మూడు పత్రికలు దానిని తిప్పి పంపిన తర్వాత నాలుగవది అచ్చువేసింది. 2001లో ఆయనకు, మైఖేల్ స్పెన్స్‌కు, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌కు కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి ఉన్నది. ఆకెర్లోఫ్ ఆ వ్యాసానికి ముందు 1967-68లో ఢిల్లీలో ఉన్నాడు. మన గృహిణి బజారు బియ్యం చేటలో పోసుకుని, గింజ రంగులో, గింజ ఆకారంలో ఉండే రాళ్లను ఏరుకోవలసి రావడం ఆ వ్యాసంలో ప్రస్తావించాడు. ఆ రాళ్లు పొలంలోనుంచి వచ్చినవి కావు, కావాలని కలిపినవి. మోసంవల్ల కలిగే నష్టం మోసపోయినవాడు పోగొట్టుకున్న సొమ్ముతో ఆగదని, నిజాయితీగల వ్యాపారాన్ని బజారునుంచి తరిమివేయడం కూడా అందులో చేర్చాలని ఆయన వాదం.

తేమలో దాగిన నాలుగున్నర కిలోలు

ఇప్పుడు మన కాటా దగ్గరకు వద్దాం. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ 17 శాతం మించరాదని నిబంధన. 75 కిలోల బస్తాలో తేమ 22 శాతం ఉన్నదనుకుందాం. నీరు తీసివేస్తే అందులో ఉన్న ఎండు సరకు 58 కిలోల 500 గ్రాములు. అదే ధాన్యాన్ని 17 శాతానికి ఆరబెడితే బస్తా బరువు సుమారు 70 కిలోల 500 గ్రాములకు దిగుతుంది. అంటే బస్తాకు నాలుగున్నర కిలోలు నీళ్లే. చేతితో నలిపి చూసే దళారీ తేమ ఉన్నదని చెప్పగలడు గాని 19 శాతమా, 22 శాతమా అని ఖాయంగా చెప్పలేడు. అందుచేత జాగ్రత్త కోసం ఎక్కువే కోస్తాడు. ఆ కోత బాగా ఆరబెట్టిన రైతు మీద కూడా పడుతుంది. మరుసటి ఏడు ఆ రైతు ఎండబెట్టే కూలి దండగని పచ్చి ధాన్యమే తోలుతాడు. సగటు మరింత దిగజారుతుంది.

తేమ కొలిచే మిషను ఈ చిక్కుకు మందు. కాని ఒక షరతు. కొలత ఇద్దరూ చూసినప్పుడే అది కొలత. కళ్లం దగ్గర ఒక సంఖ్య, మిల్లు దగ్గర మరొక సంఖ్య వస్తే మిషను కూడా అనుమానానికి మరొక కారణం అవుతుంది. రెండు చోట్లా ఒకే నమూనా, రైతు ఎదుటనే పరీక్ష, కాగితం మీద ఆ సంఖ్య: ఈ మూడూ లేనిచోట మిషను కొన్న ఖర్చు వృథా.

పెంకు లోపలి సరకు

గోదావరి రేవు దాటి సఖినేటిపల్లి మీదుగా కోనసీమలోకి వెళితే ఇదే ప్రశ్న కొబ్బరి రూపంలో ఎదురవుతుంది. కురిడీ అంటే కాయను నెలల తరబడి నిలవ ఉంచగా లోపలి కొబ్బరి ఎండి, పెంకును వదిలి ఉండలా నిలిచిన సరకు. పగలగొడితే గాని లోపల కుళ్లిందా, బాగున్నదా తెలియదు. పగలగొట్టిన కాయను మళ్లీ కాయగా అమ్మలేము. చెవి దగ్గర ఆడించి చప్పుడు వినడం, చేతిలో బరువు చూడడం అనుభవజ్ఞుల విద్య. అంబాజీపేట ధారణలలో కురిడీకి కొత్తవి, పాతవి అనీ, మళ్లీ అందులో గండేరా, గటగట అనీ వేయికి ఇంతని వేరు వేరు ధరలు అచ్చవుతుండడం పాఠకులు చూసే ఉంటారు. ఆ పేర్లు అలంకారానికి పెట్టినవి కావు. ఆ పేరు వినగానే దూరాన ఉన్న కొనుగోలుదారు తాను చూడని సరకుకు ధర కట్టగలుగుతున్నాడు. గ్రేడు అంటే అదే. ఆ పేరుతో వేరొక సరకు పంపినవాడు ఒక్క లోడు మీద లాభం తీస్తాడు. ఆ పేరు మీద నమ్మకం మాత్రం అందరి సొత్తు.

ఒకరి చెరువు, అందరి తనిఖీ

ఈ అందరి సొత్తు అనే మాటకు ఇటీవలి కాలపు గట్టి సాక్ష్యం రొయ్య. కౌంటు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది, గట్టుమీదనే తేలుతుంది. నిషేధించిన యాంటీబయాటిక్ మందు వాడారా లేదా అన్నది కంటికి కనబడదు. అది చెరువు యజమానికి మాత్రమే తెలుసు. ఐరోపా సమాఖ్య 2016లో మన దేశపు చెరువు రొయ్యలపై రేవులో చేసే నమూనా పరీక్షలను 10 శాతం సరకు నుంచి 50 శాతానికి పెంచింది. మందు ముట్టని రైతు సరకు కూడా ఆ వరుసలో నిలబడవలసి వచ్చింది. ఆలస్యం ఖర్చు, పరీక్ష ఖర్చు, సరకు తిరిగి వస్తుందేమోననే భయం, అన్నీ కలిసి చివరికి చెరువు గట్టు ధరలోనే తగ్గుతాయి. కొందరు దాచిన సంగతికి జరిమానా డెల్టా అంతా కట్టింది. పట్టుబడికి ముందే చెరువులో నమూనా తీసి పరీక్ష చేయించి, ఆ పత్రంతో సరకు అమ్మడం అప్పటినుంచి ఎంత అవసరమైనదో వర్తకులకు తెలుసు.

అటునుంచి చూస్తే: లేసు సంగతి

ఇంతవరకు తెలిసినవాడు అమ్మేవాడు. నరసాపురం లేసులో పరిస్థితి తలకిందులు. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి స్త్రీలకు నేర్పిన క్రోషే అల్లిక క్రమంగా విదేశీ ఎగుమతిగా పెరిగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970ల చివరలో ఇక్కడ పరిశోధన జరిపి, 1982లో నరసాపురం లేసు పనివారి మీద ఇంగ్లీషులో పుస్తకం వెలువరించారు. ఎగుమతిదారు దారం ఇస్తాడు, ఏజెంటు దానిని ఇళ్లకు చేరుస్తాడు, అల్లిన పనిని తిరిగి పోగుచేస్తాడు. పువ్వు అల్లే చేతిపని ఒకరిది, ఆ పువ్వులను కలిపే అతుకుపని మరొకరిది. పువ్వు అల్లిన స్త్రీకి పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో చూసే అవకాశమే తక్కువ. అది ఏ దేశంలో ఎంతకు అమ్ముడవుతున్నదో తెలిసే మార్గం అంతకన్నా లేదు. రోజుకు ఆరు, ఎనిమిది గంటలు అల్లినా వచ్చే మజూరీ పొలం కూలికంటే చాలా తక్కువని ఆ గ్రంథం చూపింది.

కొనేవాడు అన్నీ తెలిసినవాడై అమ్మేవాడు ఏమీ తెలియనివాడైతే కొనేవానికి లాభమే కదా అని కొందరు వర్తకులకు తోచవచ్చు. ఒక ఏడాది లెక్కలో లాభమే. పదేళ్ల లెక్క వేరు. ఏ నమూనాకు గిరాకీ ఉన్నదో తెలియని చేయి కొత్త నమూనా ప్రయత్నించదు. సన్నని పనికీ, ముతక పనికీ మజూరీలో తేడా కనబడకపోతే ఎవరూ కళ్లు పాడుచేసుకుని సన్నని పని చేయరు. తల్లి చేసిన పనిని కూతురు నేర్వదు. మేలు రకం ధాన్యం బజారు విడిచినట్లే మేలు చేయి కూడా వృత్తి విడుస్తుంది. దానిపై యంత్రపు లేసు పోటీ ఒకటి. బొమ్మలో చూస్తే చేతి అల్లికకు, యంత్రపు అల్లికకు తేడా దూరపు కొనుగోలుదారుకు తెలియదు. తెలియనప్పుడు రెండిటికీ చౌక ధరే కడతాడు. ఇలా లేసు రెండు వైపులా దెబ్బతిన్నది: ఇంటిలో ఉన్న అమ్మకందారుకు ధర తెలియదు, విదేశంలో ఉన్న కొనుగోలుదారుకు నాణ్యం తెలియదు.

ధర తెలిసిన రేవు

ధర సమాచారం అందరికీ అందితే వర్తకుడికి పని ఉండదనే భయం కొందరిలో ఉన్నది. చేపల వ్యాపారంలో ఈ విషయం కొలిచి చూసినవారున్నారు. ఉత్తర కేరళ తీరంలో 1997-2001 మధ్య సెల్ ఫోన్లు ఒక్కొక్క ప్రాంతానికి వస్తున్నప్పుడు రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త, మనం కవళ్లు అనే సార్డీన్ చేపల ధరలను పరిశీలించాడు. అంతకుముందు పడవలు సొంత రేవులోనే సరకు దించేవి. ఒక రేవులో చేప కొనేవాడు లేక సముద్రంలో పారబోస్తుంటే, కొద్ది మైళ్ల దూరంలో చేప దొరక్క ధర మండిపోయేది. పట్టిన చేపలో 5 నుంచి 8 శాతం వృథా అయ్యేది. ఫోను వచ్చాక పడవలు గిరాకీ ఉన్న రేవుకు మళ్లాయి. వృథా దాదాపు నిలిచిపోయింది. రేవు రేవుకు మధ్య ధర తేడాలు బాగా తగ్గాయి. జాలరి లాభం సగటున 8 శాతం పెరిగింది, తినేవాని ధర 4 శాతం తగ్గింది. ఇద్దరికీ మేలు జరగడానికి కారణం ఒకటే: పారబోసే సరకు అమ్ముడుపోయింది. పోయింది మాత్రం తెలియనితనం మీద బతికే బేరం.

అయితే ఫోను ధర చెబుతుంది, నాణ్యం చెప్పదు. ధాన్యం, కురిడీ, రొయ్య, లేసు విషయంలో ఆ రెండవ పని మనుషులూ సంస్థలూ చేయవలసిందే.

అడ్డుకట్టలు

ఈ జబ్బుకు లోకం కనిపెట్టిన మందులు కొన్ని ఉన్నాయి. మొదటిది ముద్ర. 1937 నాటి వ్యవసాయోత్పత్తుల గ్రేడింగు చట్టం కింద అగ్‌మార్క్ వచ్చింది. 1966 విత్తనాల చట్టం కింద ధ్రువీకరించిన విత్తనపు సంచికి నీలి రంగు చీటీ ఉంటుంది. వరి విత్తనమైతే కనీసం 80 శాతం మొలక రావాలి. మార్టేరు పరిశోధన కేంద్రంనుంచి 1982లో వచ్చిన స్వర్ణ రకం పేరుతో వేరొక గింజ అమ్మితే రైతుకు ఆ సంగతి తెలిసేది పొట్టదశలోనో, కోతలోనో. అప్పటికి ఏడాది పోతుంది. అటువంటి సరకుకు ముద్ర తప్ప మరో రక్షణ లేదు.

రెండవది బహిరంగ వేలం. పూర్వం తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవారు. ధర ఆ ఇద్దరికే తెలిసేది. పక్కనున్న అమ్మకందారు చీకటిలోనే ఉండేవాడు. వర్జీనియా పొగాకుకు 1980ల మధ్యలో పొగాకు బోర్డు ఆధ్వర్యాన వేలం కేంద్రాలు వచ్చాయి. మెట్ట ప్రాంతంలో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం కేంద్రాలలో బేలు అందరి ఎదుట ఉంటుంది.

మూడవది హామీ. సరకు మంచిదని నోటితో చెప్పడం అందరికీ చేతనవును. తేడా వస్తే తిరిగి తీసుకుంటానని రాసి ఇవ్వడం మంచి సరకు ఉన్నవానికే గిట్టుతుంది. నాసి సరకువాడు ఆ మాట ఇస్తే మునుగుతాడు. అందుకే కొనేవాడు ఆ మాటను నమ్మవచ్చు. ఖర్చు లేని మాటకు విలువ లేదని, మంచివాడు మాత్రమే భరించగల ఖర్చే గుర్తుగా పనిచేస్తుందని స్పెన్స్ చెప్పినదాని సారం ఇదే.

నాలుగవది దళారీ. రెండు పక్షాలకూ ముఖం తెలిసినవాడు, ఈ ఏడాదితోపాటు వచ్చే ఏడాది కూడా బేరం కుదర్చవలసినవాడు ఆయన. ఆయన కమీషను నిజానికి కాటా దగ్గర నిలబడినందుకు ఇచ్చేది కాదు, ఆయన మాటకు ఇచ్చేది. నాసి సరకును మేలు రకమని ఒకసారి అంటగట్టిన దళారీ ఆ రోజు కమీషను పుచ్చుకుని తన పెట్టుబడిని అమ్ముకున్నట్లే.

మాధవాయిపాలెం పేరు

ఈ పట్టణానికి ఆనుకుని ఉన్న మాధవాయిపాలెంలో పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. ఇక్కడినుంచి వెళ్లిన నూలుబట్టను ఐరోపాలో ఈ ఊరి పేరుతోనే మాడపొల్లం అన్నారు. చూడని కొనుగోలుదారుకు ఆ పేరే నాణ్యానికి హామీ. తరువాతి కాలంలో ఇంగ్లండు మిల్లులు నేసిన బట్టకు కూడా అదే పేరు పెట్టి అమ్ముకున్నాయి. నేటికీ ఇంగ్లీషు నిఘంటువులలో ఆ మాట ఉన్నది. ఇక్కడ ఆ బట్ట లేదు. పేరును కాపాడే చట్టం గాని, సంఘం గాని ఆనాడు లేవు.

లేసు విషయంలో ఆ కొరత కొంత తీరింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. యంత్రపు సరకుకు ఆ పేరు పెట్టడాన్ని ప్రశ్నించే హక్కు దానివల్ల వచ్చింది. అయితే గుర్తింపు కాగితం తనంతట తాను గస్తీ తిరగదు. ముద్ర వేసిన ప్రతి ముక్కా చేతి అల్లికేనని చూసే బాధ్యత ఇక్కడి వర్తకులది. ఆ ముక్క విదేశంలో ఎంతకు పోయిందో అల్లిన చేతికి తెలియజేస్తే మేలు పనికి మేలు మజూరీ అడిగే దారి ఏర్పడుతుంది, మేలు పని నిలుస్తుంది.

వర్తకులు గుర్తుంచుకోవలసినది ఇంతే. ఎదుటివానికి తెలియదు కదా అని తీసుకున్న లాభం ఒక బేరానిది. దానివల్ల పుట్టిన అనుమానం బజారులో ప్రతి బస్తాకు, ప్రతి కాయకు కోతగా పడుతుంది, అందులో ఎక్కువ భాగం మంచి సరకు ఉన్నవాడే భరిస్తాడు. రాబోయే కోతలలో తేమ మిషనును రైతువైపు తిప్పి పెట్టడం, నమూనా ఇద్దరి ఎదుట తీయడం, గ్రేడును చీటీ మీద రాసి ఇవ్వడం: వీటికయ్యే ఖర్చు స్వల్పం. ఆ పని ముందుగా మొదలుపెట్టిన కొట్టుకు మేలు సరకు ముందుగా వస్తుంది.